తోబుట్టువులతో సమాధానము



ప్రభు భోజనపు ఆదివారమున పాదిరిగారు రొట్టెను పాత్రను పంచుటకు ముందు, ఎవరికైనను ఎవరితోనైనను విరోధమున్నయెడల సమాధానపడుడని హెచ్చరించుట పెక్కు సంఘములలో నాచారము. అప్పుడొక క్షణకాలము గుడిలో నిశ్శబ్దమేర్పడును. అందరమును తలలు వంచుకొందుము. మనస్సులోనే ఎవరినో క్షమించితిమనుకొందుము. మనస్సులోనే ఎవరినో క్షమాపణ వేడితిమనుకొందుము. ఆ మనుష్యుడు మూడు వరుసల వెనుక కూర్చుండియుండవచ్చును. మూడూళ్ళ కావలనైనను ఉండవచ్చును. మన మనస్సులో జరిగినది ఆయనకు తెలియదు. పిమ్మట పాత్ర మన చేతికి వచ్చును. పుచ్చుకొని యింటికి పోవుదుము. విరోధము ఎక్కడ నుండెనో అక్కడనే యుండును.

నేను పదునొకండు సంవత్సరములు ఈ విధముగనే పాత్రను పుచ్చుకొంటిని. నాకును నా అక్కకును నడుమ ఒక సంగతి యుండెను. దానిని మనస్సులో ఎన్నియో సారులు పరిష్కరించుకొంటిని. ఆమె యెదుట నొక్కసారియు ఎత్తలేదు. ఆ సంగతిని దాచిపెట్టి యితరులకు హితము చెప్పుట న్యాయము కాదు. కావున ముందుగా దానిని మీ యెదుట పెట్టి, పిమ్మట నాకు దారి చూపిన వేదభాగములను వివరించెదను. అక్క యనుమతి పొందియే చెప్పుచున్నాను.

మా తండ్రిగారు వీలునామా వ్రాయకయే గతించిరి. మా తల్లి యంతకు ముందే కాలము చేసినది. మేము మువ్వురము తోబుట్టువులము. అక్క పెద్దది, నేను నడిమివాడను, తమ్ముడు కడపటివాడు. కాలువ క్రింద ఆరెకరముల మాగాణి మాకు మిగిలిన యాస్తి. అక్క అప్పటికి చాలకాలముగా ముప్పది మైళ్ళ దూరమున అత్తవారి యింట నుండెను. జ్ఞాపకార్థ కూటము ముగిసిన మరునాడు పెద్దలను నలుగురిని పిలిచి పంపకము చేసికొంటిమి. తమ్మునికి మూడెకరములు, నాకు మూడెకరములు. అక్క పెండ్లికి తండ్రిగారు అప్పు చేసి కట్నమిచ్చిరి గనుక ఆమె భాగము అప్పుడే ముట్టినదని పెద్దలలో నొకరు సెలవిచ్చిరి. మేమిద్దరమును తలలూపితిమి. ఆమె చేత హక్కు విడుదల పత్రము వ్రాయించి, రిజిస్ట్రారు కచేరిలో సంతకము చేయించి, ఒక పట్టుచీరెయు కొంత రొక్కమును చేతిలో పెట్టితిమి.

అక్క మారుమాట లేక సంతకము చేసెను. తిరిగి పోవుచు, నాన్న చేలు ఒక్కమారు చూచి వత్తునని చెప్పి కాలువగట్టు మీదికి పోయి కొంతసేపు నిలువబడెను. ఆమె యట్లు నిలువబడుట నాకు రుచింపలేదు. బస్సునకు వేళయైనదని తొందరపెట్టితిని. ఆ తరువాత ఆమె మా యింటికి రాకపోకలు తగ్గించెను. పెండ్లిండ్లలో కనబడినప్పుడు బాగుగనే పలుకరించెడిది. పిల్లలను దగ్గరకు తీసికొనెడిది. మాకు విరోధమున్నదని చూచువారెవ్వరును అనుకొనియుండరు.

చట్టము మాట యిచ్చటనే చెప్పుట మంచిది. మన ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో వీలునామా లేక మరణించినవారి యాస్తికి 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము వర్తించును. దాని ప్రకారము మృతుని భార్య జీవించియున్నచో ఆమెకు మూడవవంతును, మిగిలిన రెండు వంతులు బిడ్డలకును చెందును. భార్య లేనియెడల ఆస్తి యంతయు బిడ్డలదే. బిడ్డలలో కుమారుడని కుమార్తెయని భేదము లేదు, అందరికిని సమభాగమే. తండ్రి బ్రదికియుండగా ఒక బిడ్డకిచ్చిన సొమ్మును ఆ బిడ్డ భాగమునుండి తగ్గింపరాదనియు ఆ చట్టముననే కలదు. అనగా మా పెద్దలు చెప్పినది ఊరి వాడుకయే గాని చట్టము కాదు. మా యక్కకు న్యాయముగ రావలసినది రెండెకరములు.

తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు 1916లో చేసిన వేరొక చట్టముండెను. దాని వలన కూతునకు కొడుకు భాగములో నాల్గవవంతు గాని 5000 రూపాయలు గాని, ఏది తక్కువయో అంతమాత్రమే దక్కెడిది. మేరీ రాయ్ అను విద్యావేత్త దానిమీద వ్యాజ్యము వేయగా, అచ్చటను 1925వ సంవత్సరపు చట్టమే చెల్లునని సుప్రీముకోర్టు 1986లో తీర్పు చెప్పెను. ఆ తీర్పును నేను పత్రికలో చదివి, మంచి పని జరిగినదని నలుగురితో నంటిని. నా పెట్టెలో నున్న పత్రము నాకు జ్ఞాపకము రాలేదు.

వేదము తెలియనివాడనా యనిన, అదియును కాదు. సంఖ్యాకాండములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుటను పెద్దల యెదుటను నిలిచి, తమ తండ్రికి కొడుకులు లేనంత మాత్రమున అతని భాగము పోవలెనా యని అడుగుటయు, వారడిగినది న్యాయమని దేవుడు తీర్పు చెప్పుటయు నేను బడిపిల్లలకు ఎన్ని సారులో బోధించితిని. యోబు గ్రంథము తుదిని అతనికి ఏడుగురు కొడుకులు ముగ్గురు కూతుండ్రు పుట్టిరని కలదు. కొడుకుల పేర్లు అచ్చట వ్రాయబడలేదు. కూతుండ్ర పేర్లు మాత్రము వ్రాయబడినవి. వారి తండ్రి వారికి అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యమిచ్చెను. ఇదియును నేనెరుగుదును. ఐనను సంతకమైనది గదా, ఆమె యిష్టముతోనే చేసినది గదా, అనుకొంటిని. రిజిస్ట్రారు ముద్ర నా మనస్సాక్షికి గూడ రసీదని భావించితిని.

ఒక యాదివారము బడిలో పిల్లలకు యాకోబు చరిత్రము చెప్పుచుంటిని. మీకు తెలిసిన కథయే. ఇస్సాకునకు ఏశావు, యాకోబు అను కవల పిల్లలు. పెద్దవాడైన ఏశావు ఒకనాడు వేటనుండి అలసి ఆకలితో రాగా, యాకోబు ఒక పూట భోజనమునకు అతని జ్యేష్ఠత్వమును కొనెను. ఊరక కొనలేదు, ప్రమాణము చేయించుకొని మరి కొనెను. తరువాత చూపు మందగించిన తండ్రిని తల్లి సాయముతో మోసపుచ్చి, అన్నకు రావలసిన యాశీర్వాదమును తాను పొందెను. అన్న చంపుదునని కోపింపగా హారానునకు పారిపోయి, మేనమామయగు లాబాను యొద్ద 20 సంవత్సరములు గడపెను. తిరిగి వచ్చునప్పుడు అన్న 400 మందితో ఎదురు వచ్చుచున్నాడని విని భయపడి, ముందుగా అతనికి కానుక పంపెను.

ఆ కానుక యెంతయో ఆదికాండములో లెక్క కలదు. 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొఱ్ఱెలు, 20 పొట్టేళ్ళు, పిల్లలతో గూడ 30 పాడి ఒంటెలు, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 గాడిద పిల్లలు. ఒంటె పిల్లలను విడిచి లెక్కించినను 550 పశువులు. నేనీ లెక్కను నల్లబల్ల మీద వ్రాయించుచుండగా ఒక చిన్న పిల్ల లేచి, తప్పైనదని చెప్పిన చాలును గదా, అన్ని గొఱ్ఱెలెందుకు ఇచ్చెనని యడిగెను. పూర్వకాలపు మర్యాద యని యేదో చెప్పి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి దీపము పెట్టుకొని ఆ రెండధ్యాయములను మరల చదివితిని.

అప్పుడు నేను మూడు సంగతులు గమనించితిని. మొదటిది, యాకోబు మొదట తలచినది సమాధానము కాదు, రక్షణ. కానుకతో అన్న కోపమును చల్లార్చి, ఆ తరువాత ముఖము చూడవచ్చునని యతని యాలోచన. మందలకును మందలకును నడుమ ఎడము విడిచి, ఒకటి వెనుక నొకటి పంపుటయు ఆ యుపాయములోనిదే. ఇట్టి కానుక లంచమునకు దగ్గరి చుట్టము. అక్క చేతిలో మేము పెట్టిన పట్టుచీరె యీ జాతిదే. అది ఆమెకిచ్చినది కాదు. ఆమె నోరు మూయుటకిచ్చినది.

రెండవది, యబ్బోకు రేవు యొద్ద ఒంటరిగా గడపిన రాత్రి యైన తరువాత అతని నడక మారినది. తొడ గూడు వసలి కుంటుచు నుండెను. భార్యలను పిల్లలను వెనుక నిలిపి, తాను ముందు నడచి, అన్నను సమీపించువరకు ఏడు మారులు నేలకు వంగెను. అన్నను ప్రభువని పిలిచి, తన్ను దాసుడని చెప్పుకొనెను. తండ్రి నుండి దొంగిలించిన యాశీర్వాదములో నున్న మాట యేమి? తల్లి కుమారులు నీకు వంగుదురు, నీవు వారికి ప్రభువుగా నుందువని దాని భావము. ఇప్పుడు ఆశీర్వాదము పొందినవాడే వంగినాడు. దొంగిలించిన పెద్దరికమును అందరు చూచుచుండగా అన్న పాదముల యొద్ద దింపినాడు.

మూడవది యన్నింటికంటె ముఖ్యము. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొని, ఇరువురును ఏడ్చిన పిమ్మట, నాకు కావలసినంత యున్నది, నీది నీవే యుంచుకొమ్మని కానుకను వలదనెను. యాకోబు ఊరకుండలేదు, పుచ్చుకొనుమని బలవంతపెట్టెను. అప్పుడతడు వాడిన మాటను మన తెనుగు బైబిలులో కానుక యని తర్జుమా చేసిరి. హెబ్రీ భాషలో అచ్చట నున్న మాట బెరాకా. దానికి ఆశీర్వాదమని యర్థము. మోసముచేత తీసికొనిన దేదో, ఇరువది యేండ్ల క్రిందట ఏశావు దేనికొరకు బిగ్గరగా ఏడ్చెనో, ఆ మాటయే యిది. నా యాశీర్వాదమును పుచ్చుకొనుమని యాకోబు అన్నను బ్రతిమాలినాడు. భయముతో బయలుదేరిన కానుక అన్న యెదుటికి చేరునప్పటికి అప్పు తీర్చుటగా మారినది.

ఆ చిన్నపిల్ల ప్రశ్నకు సమాధానమిదియే. తప్పైనదని చెప్పుట మొదటి మెట్టు. తీసికొన్న వస్తువు మన యింటిలో నున్నంతకాలము ఆ మాటకు బరువుండదు.

ఇది యొక్క యాకోబు చరిత్రములోని మాట కాదు. ధర్మశాస్త్రముననే విధిగా నున్నది. సంఖ్యాకాండము ఐదవ యధ్యాయములో, ఒకడు మరియొకనికి నష్టము కలిగించిన యెడల తాను చేసినదానిని నోట ఒప్పుకొని, మూలధనమును పూర్తిగా తిరిగి యిచ్చి, దానిమీద ఐదవవంతు అదనముగ చేర్చి, నష్టపడినవానికే యియ్యవలెనని కలదు. నష్టపడినవాడు లేనిచో అతని దగ్గరి బంధువునకు. బంధువును లేనిచో యాజకునకు. చచ్చినవాని అప్పు చచ్చినదని చెప్పుటకు అచ్చట తావు లేదు. లూకా సువార్తలో యెరికో సుంకరి జక్కయ్య యింతకంటె ముందుకు పోయెను. అన్యాయముగ తీసికొన్నదానికి నాలుగింతలు ఇత్తుననెను. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు గొఱ్ఱెల నియ్యవలెనని నిర్గమకాండములో దొంగకు విధించిన శిక్ష యది. సుంకరి యెవ్వరును అడుగక మున్నే తన్ను దొంగల వరుసలో నిలుపుకొనెను. ఆ యింటికి రక్షణ వచ్చినదని ప్రభువు చెప్పినది ఆ మాట విన్న తరువాతనే.

ఇక బలిపీఠమును గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన బోధను జ్ఞప్తికి తెచ్చుకొందము. అర్పణము తెచ్చినవానికి అచ్చట ఏదైన స్ఫురించినచో, దానిని పీఠము నెదుటనే విడిచి, ముందు పోయి సహోదరునితో సమాధానపడి, తరువాత వచ్చి అర్పింపవలెనని దాని సారము. ఇందు రెండు సంగతులను సాధారణముగ మనము గుర్తింపము. ఆ స్ఫురించునది మనకు సహోదరునిమీద నున్న కోపము కాదు; సహోదరునికి మనమీద నున్న యభ్యంతరము. నాకెవ్వరిమీదను పగ లేదని చెప్పుకొనుట సులభము. నన్ను తలచుకొని నొచ్చుకొనువారెవరని యడుగుకొనుట కష్టము. పదునొకండేండ్లు నేను మొదటి ప్రశ్ననే అడుగుకొనుచుంటిని. అక్కమీద నాకు కోపమెందుకుండును? పొలము నా యొద్దనే యున్నది గదా!

రెండవది దూరము. ఈ బోధ విన్నవారు గలిలయలో నుండిరి. బలిపీఠమో యెరూషలేము దేవాలయమున నున్నది. ఆ నడుమ మూడు దినముల ప్రయాణము. అర్పణము విడిచి యింటికి పోయి సమాధానపడి తిరిగి వచ్చుటయనగా ఇంచుమించు ఒక వారము పట్టు పని. వినినవారికి ఆ దూరము బాగుగ తెలియును. దేవాలయమునకు పండుగలకు నడచి పోయినవారే గదా! ఆ నడక దేవుని కార్యమునకు అడ్డమని ప్రభువు భావింపలేదు. ఆ నడకనే ముందు జరుపుమనెను. నాకు నడువవలసిన పనియు లేదు. ముప్పది మైళ్ళకు బస్సు కలదు.

ఉదయమున నా యిల్లాలితో చెప్పితిని. ఆమె వెంటనే ఔననలేదు. పెద్దపిల్ల పెండ్లి మాటలు జరుగుచుండిన రోజులవి. పొలము తగ్గిన సంగతి పెండ్లివారికి తెలిసిన నేమగునని యామె భయము. అది లేనిపోని భయము కాదు. రెండు దినములు ఆమె యీ సంగతి యెత్తలేదు. మూడవనాటి రాత్రి, "మన పిల్లకును ఇద్దరు తమ్ములున్నారు. వారు రేపు ఏమి చేయవలెనో నేడు మిమ్మును చూచియే నేర్చుకొందురు" అనెను. పిల్లలను మువ్వురను కూర్చుండబెట్టి జరిగినదంతయు చెప్పితిని. అది నాకు అక్క యెదుట మాటలాడుటకంటె కష్టముగ నుండెను.

తమ్మునితోను చెప్పితిని. ఆలోచింతునని యతడనెను. ఇంకను ఆలోచించుచున్నాడు. అతనిని నేను నిందింపను. నేను పదునొకండేండ్లు ఆలోచించినవాడనే. ఒకటి మాత్రము తెలిసికొంటిని. అన్నదమ్ములందరును కలిసి వచ్చిననే సమాధానపడుదునని కూర్చున్నవాడు ఎప్పుడును లేవడు. నా చేతిలో నున్నది నా తప్పు. అక్కకు రావలసిన రెండెకరములలో నా యొద్ద నున్నది ఒక యెకరము. దాని ఐదవవంతు ఇరువది సెంట్లు. నేనియ్యవలసినది ఎకరము ఇరువది సెంట్లని లెక్క తేలెను. పదునొకండు సంవత్సరముల ఫలసాయమును లెక్కించినచో ఇంకను చాలయగును. దానికి నా శక్తి చాలలేదని ఒప్పుకొనుచున్నాను.

అక్క యింటికి పోయితిని. పోవునప్పుడు ఒక నియమము పెట్టుకొంటిని. నీ మనస్సు నొచ్చియున్నచో క్షమింపుమని చెప్పరాదు. ఆ మాటలో తప్పు చేసినవాడు తప్పించుకొని, తప్పును నొచ్చిన మనస్సు మీదికి త్రోసివేయును. చేసినదానిని చేసినట్లే చెప్పవలెను. "అక్కా, నాన్న పొలములో నీకు రెండెకరములు రావలెను. అందులో నొకటి నా యొద్ద నున్నది. ఆనాడే నాకు తెలియును. తెలిసియే సంతకము చేయించితిని" అంటిని.

ఆమె చల్ల కలుపుచుండెను. గిన్నె క్రింద పెట్టి చాలసేపు ఊరకుండెను. పిమ్మట, "మీ బావకు జబ్బు చేసిన యేడు, సాయమడుగుదమని బస్సెక్కి మీ యూరి దాక వచ్చితిని తమ్ముడూ. మీ వీధి మొగలో నిలిచి వెనుకకు పోయితిని. సంతకము చేసినదానను నేనే గదా, ఏమని యడుగుదును?" అనెను. ఆ యేడు ఆమె గాజులమ్మి వైద్యము చేయించినది. ఆ యేడే పెద్ద కుమారుని చదువు మాన్పించి పనికి పంపినది. ఈ రెండును నేనప్పుడే వింటిని. గాజులను మరల చేయింపవచ్చును. ఆ పిల్లవాని చదువును నేను ఏ కచేరిలో వ్రాసి యిత్తును? ఆలస్యమునకు ఐదవవంతు చాలదు. సమాధానపడుటకు వేళ చూచుచున్నవారు ఈ సంగతిని నా వలన తెలిసికొందురు గాక.

కొంతసేపటికి ఆమె, "నీ పిల్లలకు చెప్పితివా?" అని యడిగెను. చెప్పితినంటిని. "అట్లైన పుచ్చుకొందును" అనెను. క్షమించితినని ఆమె అనలేదు, నేనును అడుగలేదు. మరుసటి నెలలో దస్తావేజు రిజిస్టరైనది. నాట్లనాడు ఆమె తన పెద్ద కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, కాలువగట్టు మీద చివర దాక నడచి వచ్చెను. ఈమారు బస్సు వేళను నేను గుర్తు చేయలేదు.

శ్రోతలారా, పొలము లేనివారికి ఈ బోధతో పనిలేదని తలంపవలదు. మన యిండ్లలో దినదినమును ఒకరినుండి యొకరము ఏదో యొకటి తీసికొనుచునే యున్నాము. చుట్టముల యెదుట కోడలిని తక్కువచేసి మాటలాడిన అత్త ఆమె గౌరవమును తీసికొన్నది. దానిని వంటింటిలో చాటుగ బుజ్జగించి తీర్చుటకు వలనుపడదు. ఎవరి యెదుట పోయినదో వారి యెదుటనే తిరిగి యియ్యవలెను. పిల్లల యెదుట భార్యను కసరిన భర్త, పిల్లల యెదుటనే తన తప్పు ఒప్పుకొనవలెను. పండుగకు తోడుకొని పోదునని కొడుకునకు మాట యిచ్చి తప్పిన తండ్రి మిఠాయి తెచ్చి యిచ్చిన చాలదు. తీసికొన్నది దినము గనుక దినమునే యియ్యవలెను. కూలివాని కూలిని సూర్యాస్తమయమునకు ముందే యియ్యవలెనని ద్వితీయోపదేశకాండములో నున్నది. రేపు రమ్మని త్రిప్పిన యజమానుడు కూలిని మాత్రమే గాక ఆ రాత్రి యతని పిల్లల యన్నమును తీసికొన్నాడు. ఏది పోయినదో కనుగొని దానినే, వీలైనచో మరికొంత చేర్చి, తిరిగి యిచ్చుట వేదము చెప్పిన మార్గము. పోయినదొకటి, ఇచ్చునదొకటి యైనచో అది పట్టుచీరె వంటిది.

నష్టపడినవారికిని ఒక మాట చెప్పవలెను. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనెను. అది యతని ఔదార్యము. దానిని ఎవ్వరును అప్పుగా వసూలు చేయరాదు. తిరిగి యిచ్చినవాడు, ఇచ్చితిని గదా, ఇక నవ్వుమని అడుగుటకు హక్కు లేదు. మరియు సమాధానపడినవారందరును ఒక్క కప్పు క్రింద నుండవలెనను విధియు లేదు. ఏశావు శేయీరునకు పోయెను; యాకోబు సుక్కోతునకు పోయెను. ఇరువురి త్రోవలు వేరయ్యెను. కాని ఇస్సాకు మృతినొందినప్పుడు ఆ యిద్దరు కుమారులును కలిసి అతనిని పాతిపెట్టిరని గ్రంథము చెప్పుచున్నది. ఒకప్పుడు తండ్రి చచ్చిన పిమ్మట తమ్ముని చంపుదునని తలపోసిన అన్న, ఆ దినము వచ్చినప్పుడు తమ్ముని ప్రక్కను నిలిచి తండ్రిని సమాధి చేసెను. ఒక కుటుంబమునకు అంతమాత్రము మిగులుట తక్కువ కాదు.

గడచిన ప్రభు భోజనపు ఆదివారమున పాదిరిగారు యథాప్రకారము హెచ్చరించినప్పుడు నేనును యథాప్రకారము తల వంచుకొంటిని. ఇంకను ఇద్దరు ముగ్గురు నాకు స్ఫురించిరి. వారిలో నొకరి యిల్లు మా వీధిలోనే యున్నది. ప్రార్థన ముగిసిన పిదప ఆ యింటికి పోయి వచ్చితిని. మీకును ఎవరో స్ఫురించియే యుందురు. వారి యూరు మీకు తెలియును. మీ యొద్ద నున్న వారి వస్తువేదో అదియును మీకు తెలియును. వచ్చు ఆదివారమునకు ఇంకను దినములున్నవి.